మండువా లోగిలి, మూడు తరాల పిడుదులు

పాత ఇల్లు వారసత్వంగా వచ్చినవాడికి దాంతోపాటే ఒక రోగమూ సంక్రమిస్తుంది. గుమ్మంలోకి వచ్చిన ప్రతి మనిషినీ ఆపి గోడ మందం చెప్పడం దాని లక్షణం. నాకది బాగా ముదిరింది. మీటరు రీడింగుకు వచ్చే కుర్రాణ్ణి కూడా వదలను. మా గోడ రెండడుగుల మందమనీ, గానుగ సున్నంతో కట్టారనీ, ఆ సున్నంలో కరక్కాయ నీళ్లూ బెల్లమూ కలిపారనీ, అందులో మేకు దిగాలంటే మేస్త్రికి చెమటలు పట్టాల్సిందేననీ చెప్పి గానీ బిల్లు తీసుకోను. ఆ కుర్రాడిప్పుడు బిల్లు గేటుకి గుచ్చి వెళ్లిపోతున్నాడు.

మాది కోనసీమలో మండువా లోగిలి. నడిమధ్య ఆకాశం, నాలుగు వైపులా వసారాలు, టేకు స్తంభాలు, పైన పెంకు, కింద నాపరాళ్లు, గోడలకు దీపపు గూళ్లు, గూళ్ల మీద వరసగా పూర్వీకుల ఫోటోలు. "ఈ ఇంట్లో ప్రతి బీటకీ ఒక కథ ఉందండీ" అని చుట్టాలకు చెబుతూ ఉండేవాణ్ణి. కథలే కాదు, బీట బీటకీ ఒక సంసారం ఉందని అప్పటికి నాకు తెలియదు.

నాకున్న రెండో రోగం చదువు. హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. కీటకాలకు ఆరు కాళ్లు, సాలీడు జాతికి ఎనిమిది కాళ్లు అని ఊళ్లో సగం మందికి నేర్పింది నేనే. ఈ రెండు రోగాలూ ఒకే మనిషిలో చేరితే ఆ ఇంట్లో పిడుదులకు ఎంత మేలు జరుగుతుందో లోకానికి తెలియజేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మా కుక్క పేరు టైగరు. ఊరకుక్కే. పిల్లిని చూస్తే మంచం కిందికి పోతుంది గానీ పేరు మాత్రం పెట్టేశాం. దాని చెవి మడతలో ఆముదం గింజంత పిడుదు మొదట మా ఆవిడ కంటబడింది.

"ఏవండీ, వీడికి పిడుదులు పట్టాయి."

"ఒకటి కనబడితే పట్టాయంటారా? దారి తప్పి వచ్చుంటుంది" అన్నాను.

దారి తప్పినవి ఆ వారంలో చాలానే వచ్చాయి. అప్పుడు కూడా నేను మందు సంగతి ఆలోచించలేదు. ముందు నేరం ఎవరిదో తేలాలి, మందు తర్వాత. ఇది మా వంశాచారం. మొదటి అనుమానం మా మరదలు తెచ్చిన పొమరేనియన్ మీదికి పోయింది. ఆ విచారణను మా ఆవిడ ఒక్క చూపుతో కొట్టేసింది. రెండో ముద్దాయి పక్కింటి ఆవు. ప్రహరీ అవతలే కట్టేస్తారు. నేరుగా వెళ్లి, "మీ ఆవు పిడుదులు మా గోడ దూకి వస్తున్నాయండీ" అన్నాను.

పక్కింటాయన పెద్దగా చదువుకోలేదు. పాలు పితుకుతూనే సమాధానం చెప్పాడు. "గోమారి దూకదండి మాస్టారూ. పాకుద్దండి. మీకు నేను చెప్పాలేటండి?"

ఇంటికి వచ్చేశాను. నాకూ తెలుసు కదా, పిడుదులు దూకలేవని. కోపంలో ఉన్నప్పుడు జీవశాస్త్రం గుర్తుండదు, అంతే.

ఇక ఇంటి వైద్యం. మా అమ్మకు ఈ విషయంలో ఒకే మందు తెలుసు. "గమాక్సిన్ చల్లరా నాన్నా. మా అత్తగారి హయాంలో నల్లికి అదే, గోమారికి అదే, చీమకూ అదే" అంది. అటక ఎక్కి వెతికితే నిజంగానే తుప్పు పట్టిన డబ్బా ఒకటి దొరికింది. ఆ మందు బీహెచ్‌సీ అనీ, దాన్ని 1997లోనే మన ప్రభుత్వం నిషేధించిందనీ, నేలలోనూ ఒంట్లో కొవ్వులోనూ ఏళ్ల తరబడి నిలిచిపోతుందనీ అమ్మకు వివరించాను. "నిషేధించబట్టే కదా గోమార్లు పెరిగాయి" అంది. ఈ తర్కానికి నా దగ్గర జవాబు లేదు. డబ్బాను ఎవరికీ అందకుండా కట్టి పక్కన పెట్టాను.

తర్వాత నా సొంత పరిశోధన మొదలైంది. కొబ్బరినూనెలో కర్పూరం కలిపి టైగరుకు పట్టించాను. అది నాకేసి జాలిగా చూసి, ఒళ్లంతా నాకేసుకోబోయింది. మా ఆవిడ వెంటనే సబ్బుతో కడిగేసింది. అగరొత్తి వెలిగించి చెవి దగ్గరున్న పిడుదుకు చుర్రుమనిపించాలని చూశాను. పిడుదు కదల్లేదు. టైగరు మాత్రం కదిలింది, పూజ గది దాటి పెరట్లోకి. ఇప్పటికీ మా ఇంట్లో హారతి వేళకు కుక్క కనబడదు. అత్తాకోడళ్లు అది నాస్తికుడని తేల్చేశారు.

ఈలోగా ఒక సాయంత్రం వసారా గోడ మీద, దీపపు గూటి కింద, ఆవగింజలో పావు వంతు కూడా లేని ఎర్రటి చుక్కలు బారులు తీరి పైకి పోతుండగా చూశాను. నా చదువుకు పని దొరికింది. భూతద్దం తెచ్చి కాళ్లు లెక్కపెట్టాను. ఆరు. మళ్లీ లెక్కపెట్టాను. ఆరే.

"కంగారు పడకండి" అని ఇంటిల్లిపాదినీ పిలిచి ప్రకటించాను. "పిడుదులు సాలీడు జాతివి. వాటికి ఎనిమిది కాళ్లుంటాయి. వీటికి ఆరే. ఇవేవో అమాయకపు కీటకాలు."

"ఏవైతేనేం, చీపురుతో దులిపేస్తాను" అంది మా ఆవిడ.

"ప్రాణులన్నిటికీ బతికే హక్కుంది" అన్నాను. రిటైరయ్యాక నాకు ఇలాంటి మాటలు సులభంగా వస్తున్నాయి.

వాటి హక్కు నేను కాపాడిన కొన్నాళ్లకే టైగరు అన్నం మానేసింది. ఒళ్లు కాలిపోతోంది. చిగుళ్లు పాలిపోయాయి. నా వేదాంతం పక్కనపెట్టి ఆటోలో పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తాం.

డాక్టరమ్మ నా పాత విద్యార్థిని. లేచి నిలబడి నమస్కారం పెట్టింది. టైగరు రక్తం తీసి పరీక్షకు పంపింది. పిడుదు కాటుతో వచ్చే ఎర్లికియా జ్వరమనీ, రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోయాయనీ, నాలుగు వారాలు డాక్సీసైక్లిన్ మధ్యలో ఆపకుండా వాడాలనీ చెప్పింది. సమయానికి తెచ్చారంది. ఆ మాటతో కాస్త ధైర్యం వచ్చి, గోడ మీది ఆరుకాళ్ల కీటకాల సంగతి కూడా చెప్పాను.

ఆ అమ్మాయి పెదవి కొరుక్కుంది. "మాస్టారూ, గుడ్డులోంచి వచ్చిన పిల్ల పిడుదుకు ఆరు కాళ్లేనండీ. ఒకసారి కడుపునిండా రక్తం తాగి, చర్మం విడిచాక ఎనిమిది అవుతాయి."

"ఆ పాఠం నేను చెప్పలేదూ?"

"చెప్పారండీ. పుస్తకంలో ఉన్నంతవరకూ చెప్పారు."

నా సర్వీసు మొత్తం మీద ఇంత మర్యాదగా ఎవరూ నన్ను ఫెయిల్ చెయ్యలేదు.

ఆ తర్వాత పాఠం ఆమెది, బెంచీ నాది. మన కుక్కలకు పట్టే గోధుమరంగు పిడుదు పేరు రైపిసెఫాలస్ శాంగ్వినియస్. పిడుదుల్లో చాలా రకాలు గడ్డిలో, అడవిలో బతుకుతాయి. ఇది మాత్రం గుమ్మం దాటకుండా, జీవితమంతా ఇంట్లోనే గడిపేయగలదు. పిల్లగా ఒకసారి, ఎదిగే దశలో ఒకసారి, పెద్దయ్యాక ఒకసారి కుక్కనెక్కి రక్తం తాగుతుంది. తాగిన ప్రతిసారీ కిందికి దిగి, ఏదో ఒక సందులో దూరి చర్మం విడుస్తుంది. పైకి పాకడం దాని స్వభావం. ఆడది ఆఖరిసారి దిగి, నాలుగు వేల దాకా గుడ్లు పెట్టి చస్తుంది. తిండి దొరక్కపోతే పెద్ద పిడుదు నెలల తరబడి ఉపవాసం ఉండి కాచుకుంటుంది.

"ఆవుకు పట్టే రకం వేరండీ. అది పిల్లగా ఎక్కిందంటే, గుడ్లు పెట్టడానికి దిగేదాకా ఒకే పశువు మీద ఉండిపోతుంది. పక్కింటి ఆవును ఏమీ అనకండి" అంది. ఈ సంగతి ఆమెకు ఎవరు చేరవేశారో నాకు తెలుసు. ఆవిడ నా పక్కనే కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"కుక్క మీద మీకు కనిపించేవి కొన్నేనండీ. మిగిలిన సంతానమంతా ఇంట్లోనే ఉంటుంది. మీది పాత ఇల్లా మాస్టారూ?"

అడగకూడని మనిషిని అడగకూడని ప్రశ్న అడిగింది. నేను సర్దుకుని కూర్చున్నాను. గోడ మందంతో మొదలుపెట్టాను. గానుగ సున్నం, అక్కడక్కడా కాలం గీసిన బీటలు, దీపపు గూళ్లు, దూలాలకూ వాసాలకూ మధ్య చెయ్యి పట్టేంత సందులు, నాపరాళ్ల అతుకులు, గోడకు ఆనించి తగిలించిన ఫోటోలు, స్తంభాల చెక్కడపు పనిలోని ఒంపులు, అటక. ఆ అమ్మాయి కాగితం తీసుకుని ఒక్కొక్కటే రాసుకుంటోంది. మా ఇంటి మీద ఇంత శ్రద్ధ చూపినవాళ్లు ఈ మధ్య లేరు కాబట్టి నాకు గొంతు కూడా పూడుకుపోయింది. చివరికి ఆ కాగితం నా చేతికిచ్చింది.

"పిడుదులు ఎక్కడెక్కడుంటాయో మీరే చెప్పేశారండీ. ఇవన్నీ పూడ్చాలి, శుభ్రం చెయ్యాలి, మందు కొట్టాలి."

నేను పొగిడిన పొగడ్తంతా వాటి చిరునామాల పట్టీ అయింది.

టైగరుకు నెలనెలా వేసే మాత్ర రాసింది. బరువును బట్టి మోతాదు. పన్నెండు వారాలు పనిచేసే రకం కూడా ఉంది. ధర విని, "ఇది పైపూతగా దొరకదా అమ్మా, కొంచెం చవగ్గా?" అన్నాను. దొరుకుతుందంది. కానీ ఇంత పట్టిన ఇంటికి మాత్రే మేలంది. ఆ మాత్రతో మందు రక్తంలో కలుస్తుంది. కరిచిన పిడుదు చస్తుంది. గోడల్లో ఉన్నవి ఎప్పటికైనా టైగరును వెతుక్కుంటూ రాక తప్పదు. వచ్చినవి వచ్చినట్టే పోతాయి. గోడ ఖాళీ అయ్యేదాకా ఒక్క నెల కూడా తప్పకూడదు.

"అంటే మా టైగరు ఎరా?"

"కాపలా అనుకోండి మాస్టారూ" అంది.

కర్పూరం గురించి అడిగితే, కుక్క నాకితే విషమంది. కిరసనాయిలు చర్మాన్ని కాలుస్తుందంది. వెల్లుల్లి తినిపిస్తే ఎర్ర రక్తకణాలు దెబ్బతింటాయంది. పిడుదును లాగాలంటే సన్న మూతి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలి తిప్పకుండా నిదానంగా పైకి లాగాలి. గోటితో నలపకూడదు, స్పిరిట్‌లో వెయ్యాలి. అగరొత్తి ఊసు నేనెత్తలేదు. మా ఆవిడ ఎత్తింది.

ఇల్లు బాగుచేసే ఘట్టం ఫోటోలు దింపడంతో మొదలైంది. స్టూలెక్కింది నేను, కింద నిలబడి స్టూలు పట్టుకుంది మా అమ్మ. తాతగారి ఫోటో దింపి వెనక్కి తిప్పాను. చట్రం మూలల్లో గుడ్ల గుత్తులు, విడిచిన చర్మాలు, ఉపవాసం ఉన్న పెద్దలు, అప్పుడే పుట్టిన పిల్లలు, మూడు తరాలూ ఒకే కప్పు కింద ఉన్నారు. ఉమ్మడి కుటుంబం విచ్ఛిన్నమైపోయిందని నేను ఉపన్యాసాలిస్తుంటాను. మా తాతగారి వెనక అది నిక్షేపంగా ఉంది. ఈ మాట పైకి అన్నాను కూడా. "నోర్మూసుకుని దిగరా" అంది అమ్మ.

మందు కొట్టడానికి వచ్చిన కుర్రాడు నేల వెంబడీ గోడ మొదట్లోనూ కొట్టి సామాను సర్దుకుంటున్నాడు. పైకి పాకే శత్రువుకు కింద మందు కొడితే ఏం లాభం? దీపపు గూళ్లు, తలుపుల వెనక, ద్వారబంధాల పైన, దూలాల సందులు చూపించి కొట్టించాను. మందు ఆరేదాకా మనుషులం, కుక్క, అందరం పెరట్లో మామిడిచెట్టు కింద. మండువాలోని రాతి తొట్టిలో చేపలున్నాయి. ఈ పైరెత్రాయిడ్ మందులు చేపలకు ప్రాణాంతకం కాబట్టి వాటిని ముందే బిందెలో పక్కింటికి పంపాను. ఆవు యజమాని బిందె అందుకుని, "ఇయ్యి గోడ దూకవు కదండీ?" అన్నాడు. మంచి జ్ఞాపకశక్తి.

ఆ తర్వాత మేస్త్రి వచ్చాడు. "బీటలన్నీ సిమెంటుతో బిగించెయ్" అని ఆజ్ఞాపించాను. అతను గోడను వేళ్లతో తట్టి నాకేసి చూశాడు.

"సున్నం గోడకి సిమెంటు పెడితే అతుక్కోదండి మాస్టారూ. గోడ ఊపిరి తీసుకుంటదండి, సిమెంటు తీసుకోదండి. లోన చెమ్మ ఉండిపోయి, ఏడాది తిరిగేసరికి పెచ్చు లేస్తదండి. ఆ పెచ్చు ఎనకాల మీ పిడుదులకి కొత్త గదండి."

మీటరు కుర్రాడికి నేను చెప్పే పాఠమంతా సున్నం గొప్పతనమే. ఆ సున్నం గుణం మాత్రం మేస్త్రికి తెలుసు. సున్నమూ ఇసకా కలిపి బీటలు పూడ్చాడు, పైన రెండు పూతలు సున్నం వేశాడు. నాపరాళ్ల అతుకుల్లో పాత మట్టి గీకి తీసి నింపాడు. ద్వారబంధాలకూ గోడకూ మధ్య ఉన్న సందులను వడ్రంగి లప్పంతో మూశాడు. ఆ దుమ్మంతా ఊడ్చి, మూటగట్టి, పెరట్లో కాల్చాం. ఇల్లంతా తెల్లగా, కొత్తగా, కాస్త అపరిచితంగా కనబడింది. ఫోటోలను మళ్లీ గోడకు ఆనించి తగిలించడానికి మా ఆవిడ ఒప్పుకోలేదు. పూర్వీకులందరూ ఇప్పుడు స్టీలు బీరువాలో ఉన్నారు.

రెండు నెలలు గడిచేసరికి టైగరు మీద ఒక్కటీ కనబడలేదు. నాకు లెక్కలొచ్చు. కనబడని పిడుదుకు డబ్బు పెట్టడం దేనికని ఆ నెల మాత్ర కొనలేదు. మాత్ర డబ్బుతో ఒక పుస్తకం కొన్నాను, పాత ఇళ్ల నిర్మాణం గురించి. పుస్తకం సగం చదివేసరికి ఉపవాసం ముగించుకున్న పెద్దలు దిగి వచ్చారు. అప్పట్నుంచి మాత్రల ఖాతా మా ఆవిడ చేతిలోకి వెళ్లింది.

పిడుదులు సద్దుమణిగాయి అనుకుంటుండగా సంక్రాంతి వచ్చింది. సంక్రాంతికి మా బావమరిది హైదరాబాదు నుంచి వచ్చాడు. ఏడాదంతా మూసి ఉంచిన పడమటి గది తీసి ఇచ్చాం. మంచం కింద పాత బొంతలున్నాయి. ఆ బొంతల మీద ఒక పిల్లి పిల్లల్ని పెట్టి, పెంచి, తీసుకుపోయిందని ఎవరికీ తెలియదు. ఆయన తెల్ల పైజామాలో గదిలో అడుగుపెట్టి, నాలుగడుగులు వేసి, "బావా, కాళ్ల మీద ఏదో దూకుతోంది" అన్నాడు. మడమల నుంచి పిక్కల దాకా ఎర్రటి దద్దుర్లు.

ఇవి పిడుదులు కావు, డాక్టర్లు ఫ్లీలు అనే దూకుడు పురుగులు. వీటి పద్ధతి వేరు. పెద్దవి జంతువు మీద ఉంటాయి. ఆడది రోజుకు నలభై యాభై గుడ్లు పెడుతుంది. అవి జారి నేల మీద, పరుపుల్లో పడతాయి. పిల్లలు దుమ్ములో పెరిగి, గూడు అల్లుకుని అందులో నిద్రపోతాయి. ఆ గూట్లోకి పురుగుల మందు సరిగ్గా దిగదు. నెలల తరబడి ఖాళీ గదిలో అలా ఉండగలవు. ఎవరో వచ్చి నడిస్తే ఆ అదురుకూ, ఒంటి వేడికీ, వదిలే ఊపిరికీ భోజనం వచ్చిందని గ్రహించి ఒక్కసారిగా బయటికి వస్తాయి. అంటే మా బావమరిది అడుగుల చప్పుడు వాటికి సంక్రాంతి మేళం.

ఆయన్ని ఓదార్చడం నా బాధ్యత. పక్కన కూర్చుని, "వీటికి గొప్ప చరిత్ర ఉంది బావా. 1898లో పాల్ లూయీ సైమండ్ అనే ఫ్రెంచి డాక్టరు, కరాచీలో ప్రయోగం చేసి, ఎలుకల నుంచి ప్లేగును మోసేది ఇలాంటి పురుగేనని..." అని మొదలుపెట్టాను. ప్లేగు అన్న మాట దగ్గర ఆయన లేచాడు. ప్లేగు మోసేది ఎలుకల మీద ఉండే రకమనీ, ఇది పిల్లి రకమనీ చెప్పేలోగా కారు వీధి మలుపు తిరిగింది. గారెలు మూటగట్టి ఇవ్వడానికి మా ఆవిడ చేసిన ప్రయత్నం కూడా ఫలించలేదు. ఆ పండగంతా ఆవిడ నాతో ముక్తసరిగానే మాట్లాడింది.

డాక్టరమ్మకు ఫోన్ చేశాను. బొంతలు వేడినీళ్లలో ఉడకబెట్టి ఎండలో వెయ్యమంది. పొడి ఎండలో ఆ పిల్లలు బతకవు. పనికిరానివి కాల్చెయ్యమంది. గది మూలలన్నీ రోజూ వాక్యూమ్ క్లీనర్‌తో లాగమంది. దాని అదురుకు గూళ్లలోవి బయటికి వస్తాయి. సంచీని మూతిబిగించి బయట పారెయ్యాలి. మందు కొట్టాక కూడా రెండు మూడు వారాలు కొత్తవి కనబడుతూనే ఉంటాయి, అది మందు తప్పు కాదు. అటక మీద పిల్లి దారి మూసేయమంది. "టైగరుకు తెచ్చే మందులేవీ పిల్లికి రాయకండి మాస్టారూ. కొన్నింట్లో పర్మెత్రిన్ ఉంటుంది, పిల్లి చచ్చిపోతుంది" అని హెచ్చరించింది. ఆ ఆలోచన నాకు అప్పుడే వచ్చిందని ఎలా కనిపెట్టిందో.

ఇప్పుడు ఇల్లు నెమ్మదించింది. సున్నం గోడ కాబట్టి ప్రతి వేసవికీ సన్నటి బీటలు కొత్తగా వస్తూనే ఉంటాయి. మేస్త్రి ఆ సంగతి ముందే చెప్పాడు. నెలకోసారి టార్చీ పట్టుకుని, లప్పం డబ్బా చంకన పెట్టుకుని, దూలం దూలం వెతకడం నాకు అప్పగించిన ఉద్యోగం. పెళ్లిళ్లలో ఎవరైనా తమ పాత ఇంటి గొప్ప చెబితే, "ఫోటోలు గోడకు ఆనించే ఉంటాయా? పడమటి గది ఎప్పుడు తీశారు?" అని అడుగుతున్నాను. భోజనాల బంతిలో నా పక్కన కుర్చీ ఈ మధ్య ఖాళీగా ఉంటోంది.

నెల మొదట్లో టైగరు మాత్ర రోజు. మా ఆవిడ దాన్ని పెరుగన్నం ముద్దలో దాచి, "మా నాన్నే, మా బంగారమే" అని బతిమాలి తినిపిస్తుంది. ఆ పూట నా బీపీ మాత్ర గురించి అడిగితే, "అలమర్లో ఉంది, వేసుకోండి" అంటుంది. నేనేమీ కష్టపెట్టుకోను. ఈ ఇంటికి కాపలా ఎవరు కాస్తున్నారో, లెక్చరు ఎవరు ఇస్తున్నారో ఆవిడకు బాగా తెలుసు.